అర అంగుళం

"చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, నీవాడివి మరీ చాటలంత ఉన్నట్టున్నాయే," అంది కత్తెర, బల్ల మీద పరిచిన గుడ్డ మీంచి తల ఎత్తకుండానే.

గుండీకి ఒళ్లు మండింది. "ఒక్కసారైనా ట్రయల్ రూములోకొచ్చి చూశావా? చూడకుండానే వెక్కిరింపులు!"

"చూడ్డానికేముందే? కోటేసుకున్న దయ్యం. కోటు విప్పితే అదీ లేదు."

మూలన కూర్చుని లంగా అంచు కుడుతున్న సూది కిసుక్కున నవ్వింది.

ఆ టైలరు దుకాణంలో ముగ్గురికీ పనిని బట్టే పేర్లు పడ్డాయి. గుడ్డ కోసేది కత్తెర. అంచులు కుట్టేది సూది. కాజాలు తీసి గుండీలు వేసేది గుండీ. ముగ్గురిలో ఎవరికీ ఇరవై దాటలేదు. కత్తెర మిగతా ఇద్దరికంటే ముందు చేరింది కనుక ఆ పెద్దరికమంతా నోట్లోనే ఉండేది.

మాస్టారు భోజనానికి వెళ్లే ఆ మధ్యాహ్నపు గంటలోనే ట్రయల్ రూము అద్దంలో ఆ కుర్రాడు కనిపించేవాడు. బూడిదరంగు కోటు, పక్కపాపిడి, జాలి చూపు. పదకొండేళ్ల క్రితం ఇదే దుకాణంలో కోటు కుట్టించుకుని, వేసుకుని రోడ్డు దాటుతూ లారీ కింద పడ్డాడట. రెండు నెలలుగా గుండీతో మాట్లాడుతున్నాడు. గుండీకి అన్నం సయించడం మానేసి కూడా రెండు నెలలే.

"ఇంతకీ ఏమంటాడు?" అడిగింది సూది.

"నా ప్రతిబింబం ఇమ్మన్నాడు." గుండీ సిగ్గుపడింది. "నన్ను రమ్మనట్లేదు. అద్దం మీద అరచెయ్యి ఆనించి 'ఇచ్చేశాను' అంటే చాలట. నా రూపం వాడి దగ్గరే ఉండిపోతుంది."

"మరి నీకో?"

"ఇంక ఏ అద్దంలోనూ కనపడను. అంతే."

"అంతేనా!" కత్తెర గొంతు వెటకారంతో సాగింది. "నీ మొహం నువ్వు చూసుకోవాలంటే మా మొహాలు చూసి ఊహించుకుంటావా తల్లీ? పాపిడి ఎటుపోయిందో వీధిలో వాళ్లనడుగుతావా?"

"పదకొండేళ్లుగా ఒంటరిగా ఉన్నాడే పాపం! ఆమాత్రం ఇవ్వలేనా? నేనే మొదటిదాన్నట."

కత్తెర చేతిలో కత్తెర ఆగింది. "అన్నాడా అలా?"

"ఒట్టేసి మరీ."

"దయ్యం ఒట్టేస్తే పోయేదేముంది, ప్రాణమా?" కత్తెర మళ్లీ గుడ్డ కోయసాగింది. గీత మాత్రం వంకరపోయింది. ఆ చేతిలో గీత వంకరపోగా గుండీ ఎప్పుడూ చూడలేదు.

మాస్టారు గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. గుండీ లేచి, జాకెట్టు సర్దుకుని ట్రయల్ రూము వైపు నడిచింది. కత్తెర కర్టెను బయట అడ్డంగా నిలబడింది.

"ఆపను. ఒక్క ప్రశ్న అడిగి ఇచ్చుకో. నీకు ఒక భుజం కిందికి ఉంటుంది. ఏ భుజమో చెప్పమను."

గుండీ మొహం ఎర్రబడింది. "ఆ సంగతి వాడికెందుకు?"

"రెండు నెలలు రెప్పవెయ్యకుండా చూశానన్నాడుగా. ఏం చూశాడో చూద్దాం."

గుండీ లోపలికి వెళ్లి కర్టెను లాగేసుకుంది. వాడు అప్పటికే ఎదురుచూస్తున్నాడు.

"వచ్చావా! చెయ్యి ఆనించు."

ఆనించబోయి ఆగింది. "నా భుజాల్లో ఏది కిందికి ఉంటుందో చెప్పు."

వాడు నవ్వాడు. "రెండూ సమానమే. నీలో వంకరెక్కడుంది? శిల్పంలా ఉంటావు."

"ఎడమది!" కర్టెను బయటి నుంచి ఇద్దరూ ఒక్కసారే అరిచారు. "అర అంగుళం!"

చిన్నప్పుడు మేడమెట్ల మీంచి పడ్డప్పుడు విరిగిన ఎముక సరిగా అతకలేదు. పనిలో చేరిన వారానికే కత్తెర ఒక జాకెట్టు కుట్టి గుండీ ఒళ్లో పడేసింది. ఎడమ భుజం లోపల అర అంగుళం మందాన దూది పొర. ఎందుకని కత్తెర చెప్పలేదు, గుండీ అడగలేదు. ఆ తర్వాత కుట్టిన ప్రతి జాకెట్టులోనూ ఆ పొర ఉంది.

"అవును, ఎడమదే," అంది గుండీ మెల్లగా. "నువ్వు చూసింది కత్తెర పెట్టిన దూదిని."

వాడి మొహంలో జాలి ఎగిరిపోయింది. నాసిరకం సరుకు అంటగట్టారని గొడవకొచ్చిన బేరగాడిలా అడిగాడు: "ముందే చెప్పొద్దూ?"

గుండీ చెయ్యి వెనక్కి తీసుకుంది. 

"నేనూ ఒకటి చెప్పలేదులే. నీ కోటు కాలరు వెనకాల లేచి ఉంటుంది. బాధపడతావని రెండు నెలలుగా ఊరుకున్నాను."

వాడు కంగారుగా మెడ తడుముకున్నాడు. తడుముకుంటూనే మాయమయ్యాడు.

అప్పుడు వచ్చింది ఏడుపు. సూది కర్టెను లాగి పరిగెత్తుకొచ్చింది. కత్తెర మాత్రం గడప దగ్గరే తటపటాయించింది. గుండీ వెక్కిళ్లు విని, పళ్లు బిగించి, తనూ లోపలికి వచ్చేసింది.

"ఏడవకే పిచ్చిమొహమా. వాడి మొహానికి నువ్వే ఎక్కువ," అంటూ గుండీని వెనక నుంచి గట్టిగా పట్టుకుని, గడ్డం ఆ ఎడమ భుజం మీదే ఆనించింది. సూది కుడివైపు నుంచి ఇద్దరినీ కలిపి వాటేసుకుంది.

"వాడు ఇలాంటివాడని నీకెలా తెలుసే?" అడిగింది గుండీ.

కత్తెర పట్టు ఇంకాస్త బిగించింది. గుండీ కళ్లు తుడుచుకుని తల ఎత్తింది.

అద్దంలో తనూ, సూదీ ఇద్దరే ఉన్నారు.