మూణ్ణెల్ల పాసు

కిటికీ అద్దం పగలగొట్టుకుని వచ్చిన రాయి బస్సు పాసుల గుమాస్తా బల్ల మీద పడింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడు.

1969 వేసవి, ప్రత్యేక తెలంగాణ గొడవల్లో దిల్‌సుఖ్‌నగర్‌కు అదేమంత వింత కాదు. వరుసలో నిలబడ్డ భానుమూర్తి మాత్రం గోడవారకు ఒదిగాడు.

తెనాలి నుంచి వచ్చి నగరంలో సర్కారు ఆఫీసు గుమాస్తాగా కుదురుకున్నవాడు. అద్దె ఇంటి తలుపు మీద ఎవరో కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీసిన మరునాడే, ఇంటి యజమానులు చేతులు జోడించి మరీ ఖాళీ చేయించారు. భార్య సూర్యప్రభను పుట్టింటికి పంపేసి, ఊరి పొలిమేర దాటి ఎల్.బి.నగర్ వైపు ఒక గది తీసుకున్నాడు. గొడవలు సద్దుమణిగేదాకా అక్కడే మకాం.

తానూ వెళ్లిపోవచ్చు. కానీ వెళితే కొలువు దక్కదు. స్థానికునికి రావలసిన సీటులో ఆంధ్రుడు కూర్చున్నాడని ఎవరో పెట్టిన ముల్కీ అర్జీ పైవారి దగ్గర నానుతోంది. ఆ ఎవరో ఎవరన్నది అతనికి చెప్పలేదు.

పాసుల షెడ్డు బయట పీట మీద కూర్చుని దరఖాస్తులు రాసిపెట్టే మనిషి పిలిచాడు.

"ఇటు రాండ్రి సార్. నెల పాసా, మూణ్ణెల్లదా?"

"ఎంతకాలం ఉంటానో నాకే తెలియదయ్యా."

"అయితే నెలది తీసుకోండ్రి. గంతే చాలు."

భానుమూర్తికి ఒళ్లు మండింది.

"అంటే? నెల తిరిగేసరికి పెట్టేబేడా సర్దుకుని పొమ్మంటావా?"

"గట్ల గాదు సార్." ఆ మనిషి గొంతు తగ్గించాడు. "నెల పాసంటే ఉత్త నంబరే. మూణ్ణెల్ల కార్డు మీదైతే సొంతూరు రాస్తరు. గీ దినాలల్ల అది మంచిగుండదు."

"రాయి! తెనాలి అని పెద్ద అక్షరాలతో రాయి. నేనేం దొంగతనం చేసి వచ్చానా?"

వెనక నుంచి ఎవడో అందుకున్నాడు. "రాయన్నా, పెద్దగనే రాయి. సదువనీకి మాక్కూడ అల్కగ ఉంటది!"

వరుసంతా నవ్వింది. భానుమూర్తి మరింత బిగుసుకున్నాడు.

ఆ మనిషి రాశాడు. పేరు, ఊరు. ఆఫీసు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

"ఏ సెక్షన్ సార్?"

"ఎస్టాబ్లిష్‌మెంట్. రెండో గుమాస్తా."

అతను తలెత్తి భానుమూర్తిని తేరిపార చూశాడు.

"ఏమిటలా చూస్తావు?"

"ఏం లే సార్."

చదువుకున్నవాడిలా ఉన్నాడు, ఈ పీట మీద ఎందుకు చతికిలబడ్డాడో అనిపించింది భానుమూర్తికి. అడగడం నామోషీ అనిపించి ఊరుకున్నాడు.

నాలుగో రోజు సాయంత్రం, మూసారాంబాగ్ వంతెన దాటేసరికే బస్సుకు ఒక్క అద్దమూ మిగలలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డుకు అడ్డంగా టైర్లు మండుతున్నాయి. డ్రైవరు తలుపు తీసుకుని దూకి పారిపోయాడు. సైకిలు చెయిన్లు, కర్రలు పట్టుకుని పదిమంది లోపలికి ఎక్కారు.

"పాసులు తీయుండ్రి!"

ఒకడు భానుమూర్తి కార్డు లాక్కుని చదివాడు.

"తెనాలి!"

చొక్కా పట్టి మెట్ల మీదుగా కిందికి ఈడ్చారు. చెయిన్ వీపును చీల్చింది. కళ్లజోడు ఎవరి కాలికిందో పిండయింది. ఎడమ చేతి ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. నెత్తి మీద కిరసనాయిలు ధారగా పడింది.

"ఆగుండ్రి! జర ఆగుండ్రి!"

పాసుల షెడ్డు వైపు నుంచి దరఖాస్తుల మనిషి గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"ఆ కాయితం రాసింది నేనే. ఊరు తప్పు వడ్డది. గీయనది సూర్యాపేట."

"నువ్వు తప్పు రాసినవా, తీతన్నా?"

"రాసిన. తిడితే నన్ను తిట్టుండ్రి."

చెయిన్ పట్టినవాడు కొంచెం తగ్గాడు. "అయితే గాయన్నే చెప్పమను. ఏ ఊరయ్యా నీది?"

తీతు అనే ఆ దరఖాస్తుల మనిషి కళ్లతోనే వద్దన్నాడు. నోరు విప్పకుండా తల ఊపితే చాలు.

ప్రాణం మీదికి వచ్చిన వేళ భానుమూర్తికి పుట్టినూరి మర్యాదే ముందుకు వచ్చింది.

"సూర్యాపేటేనండీ బాబూ! ఒట్టండీ!"

ఆ 'అండీ'తో గుట్టు బయటపడింది. ఆపైన నవ్వులు. ఆపైన కర్రలు.

తీతు అతని మీద బోర్లా పడ్డాడు.

"లే, తీతన్నా! గీ ఆంధ్రోని కోసం సస్తవా?"

తీతు లేవలేదు. వీపు మీద పడ్డవీ, తల మీద పడ్డవీ అన్నీ తానే తిన్నాడు. గీసిన అగ్గిపుల్లను అరచేత్తో అణిచేశాడు. పోలీసు వ్యాను వచ్చి గుంపు చెదిరేసరికి అతని నెత్తురు, కింద ఉన్న భానుమూర్తి మెడ మీదుగా కారుతోంది.

మర్నాడు మధ్యాహ్నం దవాఖానలో తీతు కన్నుమూశాడు.

చేతికి కట్టుతో భానుమూర్తి అతని భార్య కృపమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నేనెవరినో కూడా తెలియదమ్మా ఆయనకు. ఎందుకు అడ్డుపడ్డాడో…"

"ఎరికే సార్," అంది కృపమ్మ. "నాలుగు దినాల సంది మీ ముచ్చటే."

"ఏమనేవాడమ్మా?"

"గాయన గూడ పొట్ట కోసమే వచ్చిండు, మనలెక్కనే భయపడ్తుండు అన్నడు."

ఆమె ముఖం తిప్పుకుంది.

మూడు వారాల తరువాత ఆఫీసులో సూపరింటెండెంటు సాంబమూర్తి నవ్వుతూ పిలిచాడు.

"అదృష్టవంతుడివోయ్! నీ సీటుకు ఇక ఢోకా లేదు. ఆ ముల్కీ అర్జీ ముగించేద్దాం. కుడిచెయ్యి బాగానే ఉందిగా, నోటు నువ్వే రాయి, సంతకం నేను పెడతాను."

"ఏమని రాయమంటారండీ?"

సాంబమూర్తి కాగితం చూస్తూ నింపాదిగా చెప్పసాగాడు: "తనకు రావలసిన గుమాస్తా కొలువును స్థానికేతరునికి ఇచ్చారని అర్జీ పెట్టుకున్న తీతు, తండ్రి లాజరు, దిల్‌సుఖ్‌నగర్ బస్సు పాసుల షెడ్డు వద్ద దరఖాస్తులు రాయువాడు, ఇటీవల మరణించినందున…"