అద్దం ఉండే గోడ

"ఈ గోడ కూడా కొట్టెయ్యాలామ్మా? రాయిలా ఉంది కదా," అన్నాడు మేస్త్రీ.

"కొట్టెయ్. ముందు దానికున్న అద్దం తీసి పక్కన పెట్టు," అంది డ్రాయింగ్ టీచరు.

హాలుకూ వంటగదికీ మధ్య గోడ అది. మొదటి దెబ్బకే పెచ్చులు రాలాయి. ఆ చప్పుడు ఆమె చెవులకు ఇంపుగా ఉంది. ఇంతలో ఫోను మోగింది. చెల్లి.

"మొదలుపెట్టావా అక్కా?"

"గోడ పోతోంది. చెప్పుల స్టాండు నిన్ననే తీయించేశాను. ఫ్రిజ్ మెట్ల కిందికి మారింది. ఆయన ఇంకా ఈ ఇల్లే వాడుతున్నాడని గట్టిగా చెప్పగలవా?"

"సాధన చేసేటప్పుడు పైకే గొణుగుతాడుగా. గేటు, చెప్పుల స్టాండు, అద్దం, ఫ్రిజ్, మెట్లు. రోజూ వింటూనే ఉన్నాను."

ఆయన నడిపే శిక్షణ కేంద్రంలో ఆఫీసు పనంతా చెల్లి మీదే ఉంది.

ఆయన్ని అందరూ జ్ఞాపకాల మేస్టారు అంటారు. సభలో జనం తలా ఒక మాట ఇస్తే, ముప్ఫై మాటల్నీ వరసగా అప్పజెప్పి, ఆ తర్వాత చివరి నుంచి మొదటికి కూడా చెప్తాడు. కిటుకు చిన్నదే. బాగా తెలిసిన ఇంట్లోకి మనసులోనే నడవాలి. ఒక్కో మాటనూ ఒక్కో చోట, మర్చిపోవడానికి వీల్లేనంత వింతగా పెట్టుకుంటూ పోవాలి. గొడుగు అన్నారనుకోండి, అది గేటుకు గబ్బిలంలా వేలాడాలి. తేనె అంటే చెప్పుల్లోంచి పొంగి పొర్లాలి. మళ్లీ అదే దారిలో నడిస్తే అన్నీ పెట్టిన చోటే పలకరిస్తాయి.

ఆ వింత బొమ్మలు మొదట గీసి చూపించింది డ్రాయింగ్ టీచరే. పెళ్లయిన కొత్తలో, చుట్టాల పేర్లు కూడా గుర్తుండని మనిషిని చెయ్యి పట్టుకుని ఈ ఇంట్లోనే గదిగదీ తిప్పి నేర్పింది. పేరొచ్చాక ఆయన ప్రతి సభలోనూ ఒకటే జోకు వేసేవాడు. "మా ఆవిడ కూరగాయలకని బజారుకెళ్లి, ఎందుకొచ్చానో అడగడానికి మళ్లీ ఇంటికొస్తుందండీ." జనం పగలబడి నవ్వేవారు. ఆయన పక్కనే మాటలు రాసిన బోర్డు పట్టుకుని, ఆమె కూడా నవ్వాల్సి వచ్చేది. చివరికి ఆ బోర్డు ఇంకొకామె చేతికి ఇచ్చాడు. విడిపోయినప్పుడు ఇల్లు ఒక్కటే ఈమెకు మిగిలింది.

"ఆ జోకు ఇంకా వేస్తూనే ఉన్నాడక్కా," అంది చెల్లి. "మనిషి మారింది, అంతే."

"వెయ్యనీ. ఎన్నాళ్లు వేస్తాడో చూద్దాం."

"ఇక్కడ గోడ పడగొడితే ఆయన బుర్రలో గోడ పడిపోతుందంటావా?"

"కళ్లారా చూస్తే పడుతుంది. కొత్తది చూశాక పాతది మసకేస్తుంది. సభ రోజు పొద్దున్నే రప్పిస్తాను."

"ఎలా?"

"ఆయన గెల్చుకున్న కప్పులన్నీ తూకానికి వేసేస్తున్నానని చెప్తాను. పరిగెత్తుకుంటూ వస్తాడు."

చెల్లి నవ్వింది. తర్వాత అడిగింది. "అక్కా, నీ చోట్లోకి వచ్చినామె మీద ఇంకా కోపం ఉందా?"

"ఉండేది. నాలాగే ఏడుస్తుంటే ఇంకేం కోపం? ఇప్పుడు బోర్డు మరో పిల్ల చేతిలో ఉందిగా."

"ఉంది," అంది చెల్లి. "ఇదంతా నీ కోసమే చేస్తున్నాననుకోకక్కా. నేను తేల్చుకోవాల్సినవి నాకూ ఉన్నాయి."

సభ రోజు పొద్దున ఆయన వచ్చాడు. వీధి వైపున్న గేటు పక్కసందులోకి మారేసరికి చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. లోపల చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక గుమ్మంలోనే తచ్చాడాడు. ఆమె తొందరపడలేదు. ఒకప్పుడు తిప్పినట్టే ఒక్కో గదీ తిప్పి చూపించింది.

"ఇక్కడ అద్దం ఉండేది కదా?"

"ఉండేది."

"మరి ఫ్రిజ్?"

"మెట్ల కింద. చూద్దువుగాని రా."

ఆయన మొహంలో రంగు మారింది. నోరు మాత్రం మారలేదు. "బంగారం లాంటి ఇల్లు తగలేశావు. అసలే మతి లేనిదానివి, ఇక ఏది ఎక్కడుందో వెతుక్కుంటూ బతుకు," అంటూ కప్పుల పెట్టె ఎత్తుకున్నాడు.

"టీ తాగి వెళ్లు. వంటగది ఎక్కడుందో తెలుసుగా?" అంది ఆమె.

ఆయన పెట్టెతో విసవిసా వెళ్లిపోయాడు.

సాయంత్రం సభ కిటకిటలాడింది. చెల్లి తెచ్చిన పాసులు ముందు వరసవి. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. స్టేజీ మీద బోర్డు పట్టుకున్న పిల్ల, ఆయన జోకుకు నవ్వలేక నవ్వుతోంది. జనం ముప్ఫై మాటలు ఇచ్చారు. ఆయన కళ్లు మూసుకుని విని, తల పంకించాడు.

"తాళంచెవి," అని మొదలుపెట్టాడు. "కుందేలు... మూడోది..."

కుడిచెయ్యి గాల్లోకి లేచి, లేని గోడ కోసం తడుముకుంది. కళ్లు తెరిచాడు. ముందు వరసలో ఇద్దరూ పక్కపక్కన కనిపించారు. "మూడోది..." అన్నాడు మళ్లీ.

"రంపం," అని పెదవుల్లోనే అనుకుంది డ్రాయింగ్ టీచరు. పాత ఇంటి అద్దాన్ని అడ్డంగా కోస్తున్న రంపం ఆమెకు కనిపిస్తూనే ఉంది. దాని వెనక మిగతావన్నీ, చివరి మాట దాకా.

వెనక ఎవరో ఈల వేశారు. నవ్వులు వరస వరసకూ పాకాయి. ఇష్టం లేకుండా నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టిన మనిషి ఆమె. ఈసారి నవ్వలేదు. రెప్ప వెయ్యకుండా, తీరిగ్గా చూసింది. ఏళ్ల తరబడి కడుపులో రగిలిన మంట చల్లారింది.

ఆయన చెమటలు కక్కుతూ కుర్చీలో కూలబడ్డాడు. నిర్వాహకుడు గబగబా మైకు అందుకున్నాడు.

"మేస్టారికి ఒంట్లో నలతగా ఉన్నట్టుంది. వారి శ్రీమతిగారు దయచేసి ఒకసారి స్టేజీ మీదికి రావాలి."

బోర్డు పట్టుకున్న పిల్ల పక్కకు జరిగి దారి ఇచ్చింది. డ్రాయింగ్ టీచరు కదల్లేదు. ఆ పిలుపు తనది కాకుండా పోయి చాలా ఏళ్లయింది.

పక్క సీట్లోంచి చెల్లి లేచింది.