ఎడమ మోకాలు

"సల్సా డాన్సుకి పేరుపడ్డ కాలీ ఊళ్లో పుట్టి, సల్సా కచేరీకొచ్చి కుర్చీకి అతుక్కుపోతావేమే? లే ఎస్నేడా!" అన్నాను.

"అలవాటు తప్పిందే. మోకాలు విరిగాక మా ఆయన ఎవేలియో మళ్లీ డాన్సు జోలికే పోలేదు. ఇన్నేళ్లూ ఆయన పక్కనే కూర్చుని మోకాలు నొక్కుతూ పాటలు విన్నాను. ఇప్పుడాయన పోయాడని లేచి గంతులెయ్యనా?"

పార్కంతా బాకాలు హోరెత్తుతున్నాయి. జనం ఇంటి నుంచి తెచ్చుకున్న గంటలతో తాళం వేస్తున్నారు. మా స్నేహితుడు ఫాబియో ఎవరో పచ్చగౌను ఆవిడతో ఒక పాట ఆడి, చెమట తుడుచుకుంటూ ఎస్నేడా దగ్గరికి వచ్చాడు.

"భలే ఆడుతుంది వదినా! కానీ ఒక్కటే వింత. ఎడమకి తిరిగినప్పుడల్లా నా బరువు తన భుజం మీదికి తీసుకుని, ఒక్క క్షణం ఆగుతుంది. నా ఎడమ మోకాలేదో విరిగినట్టు!"

ఫాబియో పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎవేలియోకి విరిగింది ఎడమ మోకాలే.

"ఊళ్లో ఎంతమందికి మోకాళ్లు విరగలేదు?" అన్నాను గబగబా.

ఎస్నేడా అప్పటికే లేచింది.

"గొడవొద్దే, నీకు దణ్ణం పెడతా!" అంటూ వెనకే పరుగెత్తాను.

పచ్చగౌను ఆవిడ ఎస్నేడాని చూడగానే గుర్తుపట్టింది. ముఖం పాలిపోయి, తల దించేసుకుంది.

ఎస్నేడా చేయి చాపింది.

"నాతో ఒక్క పాట ఆడు. ఎడమకి తిరిగేటప్పుడు ఆయన కోసం ఆగినట్టే ఆగు. నాకది తెలీదు."