ఆదివారం మిషన్

భార్య శాస్త్రవేత్త, అదే సంస్థలో భర్త నెట్‌వర్క్ అధికారి. తన ల్యాబ్ మిషన్ కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలపడానికి ఆవిడ ససేమిరా అంది. వైరస్ వస్తుందని మీటింగుల్లో అందరినీ హడలగొట్టింది. మిషన్‌ను కనిపెట్టుకుని ఉండాలంటూ ప్రతి ఆదివారం పొద్దున్నే ల్యాబ్‌కు పరుగెత్తేది.

చివరికి ఆయనే పైవాళ్ళను ఒప్పించి కలిపేశాడు.

“ఇక ఆదివారాలు ఇంట్లోంచే చూసుకో. వంట చేస్తూ గ్రాఫులు చూడొచ్చు. అమ్మకీ కాస్త నడుం వాల్చే వీలుంటుంది,” అన్నాడు, వరమిచ్చిన దేవుడిలా.

ఆవిడ మాత్రం ఆదివారం యథాప్రకారం బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఒళ్ళు మండి ఆయన వెనకే వెళ్ళాడు. మిషన్‌కు గుడ్డ కప్పి ఉంది. ఆవిడ కుర్చీలో కాళ్ళు చాపుకుని నవల చదువుకుంటోంది.

“ఇదేంటి? ఆదివారం మిషన్ నడవదా?”

“ఏ ఆదివారమూ నడవలేదండీ. దానికి సెలవు. ఇంట్లో నాకే లేదు.”