రైలు మారే చోట

పోస్టరుకి ఎవరో దండ వేశారు.

యలహంక జంక్షన్‌లో కాఫీ తాగి వెనక్కొచ్చిన శ్రీకాంత్‌కి ఒళ్లు మండిపోయింది. పది నిమిషాల కిందటే ప్లాట్‌ఫాం స్తంభానికి తను అంటించిన పోస్టరది. ‘కనబడుట లేదు: ఛాయాదేవి’ అన్న అక్షరాల కింద అక్క ఫొటో. ఫొటో మీద మూరెడు కనకాంబరాలు.

ఫొటోకి దండ ఎప్పుడు వేస్తారో మనకి ఒకరు చెప్పాలా!

“ఎవరు పెట్టారిది?”

“నేనేనప్పా,” అంది స్తంభం పక్కన పూలబుట్టతో కూర్చున్న ముసలామె.

“మా అక్క బతికే ఉంది. తీసెయ్!”

“నీకు అక్కనా ఆయమ్మ? కోపం చేసుకోవద్దప్పా. ఇంట్లో నిన్నేమని పిలుస్తారు?”

“నా పేరుతో నీకేం పని?”

“పని ఉండాది. చెప్పప్పా.”

పుండు మీద కారం చల్లింది చాలక పేర్లు కూడా కావాలట. శ్రీకాంత్ దండ తెంపి పట్టాల మీదికి విసిరేశాడు.

“ఇంకోసారి ఈ ఫొటో ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు.”

హిందూపురం రైలొచ్చింది. ముసలామె బోగీ దాకా వెంటపడింది.

“ఆ ఒక్క మాట చెప్పిపో అప్పా!”

అతను మొహం తిప్పుకున్నాడు.

అక్క వెళ్లిపోయి ఏడాదైంది. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. ఆ అక్కకే మతి తప్పింది. ఓ రోజు బ్రూక్‌ఫీల్డ్‌లో తాముండే ఫ్లాట్‌లోంచి చెప్పుల్లేకుండా వెళ్లిపోయింది. హిందూపురం రైలెక్కుతూ స్టేషన్ కెమెరాలో కనబడింది, అంతే. అప్పట్నుంచీ శనివారం వస్తే చాలు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఆసుపత్రులు, ఆశ్రమాలు, గుళ్లు. యలహంకలో మాత్రం ఎప్పుడూ వెతకలేదు. అది అతనికి ఊరు కాదు, రైలు మారే చోటు. ఆ రోజైనా, రైలుకి కాస్త టైముందని ఒక పోస్టరు అంటించాడు.

తర్వాతి రెండు శనివారాలూ కుదరలేదు. మూడు వారాల తర్వాత మళ్లీ యలహంకలో దిగాడు.

పోస్టరు అలాగే ఉంది. ఫొటోని ఎవరూ ముట్టుకోలేదు. స్తంభం మొదట్లో, నేల మీద, ఎండిపోయిన కనకాంబరాలు కుప్పగా పడున్నాయి.

మనసు చివుక్కుమంది. పెద్దదాన్ని అన్ని మాటలన్నానే అనుకున్నాడు.

“పూలామె రాలేదా?” అని టీ అంగడి పెద్దమునియప్పని అడిగాడు.

“మారెమ్మనా? పోయిన బేస్తవారం సచ్చిపోయె సార్. గుండె నొప్పి. పాపం, దినామూ హిందూపురం రైలు కాడికి పోయి ఎవరికోసమో చూస్తా ఉండె.”

“ఎవరికోసం?”

“అదో కత సార్. పోయినేడు వానల్లో మతి లేని ఆడమనిషి ఒకామె ఈడ దిగె. పేరు చెప్పదు, ఊరు చెప్పదు. మారెమ్మ ఇంటికి పిల్చుకపోయి ఆరు నెలలు సాకె. తల దువ్వి పూలు పెట్టేది. జరమొచ్చి ఆయమ్మ మారెమ్మ ఒళ్లోనే పోయె. నా బిడ్డేనని చెప్పి మారెమ్మే మట్టి చేసె.”

శ్రీకాంత్ స్తంభం మీది పోస్టరు వైపు వేలు చూపించాడు.

“ఈ ఫొటోలో మనిషేనా?”

“నాకు పోలిక తెల్దు సార్. నేను చూసినప్పుడు ఎముకల గూడు.”

కాదు. అక్క కాదు. ఎవరో. ఊళ్లో మతి తప్పినవాళ్లు ఎంతమంది లేరు! శ్రీకాంత్ ఆ మాటనే పట్టుకుని వేలాడాడు.

“పోస్టర్‌లో నంబరుంది కదా, ఫోన్ చేయించాల్సింది.”

“నేనూ అదే అంటిని. ఫోన్లో చెప్పే మాట కాదు, మనిషి రావాల అనె. పోయే ముందర ఆయమ్మ మారెమ్మ చెవిలో ఏందో చెప్పి, చేతిలో చెయ్యి ఏయించుకున్యంట. ఏం మాట అని ఎంత అడిగినా నాకు చెప్పల్యా. అది చిట్టికే చెప్పాల అనె. చిట్టి ఎవరో మీకేమన్నా తెలుసునా సార్?”

శ్రీకాంత్‌ని చిట్టి అని పిలిచేది లోకంలో అక్క ఒక్కతే.