పీకని పత్తికట్టె

పక్షుల చెరువుకు సెలవురోజుల్లో స్వచ్ఛందంగా కాపలా కాసే ఫిజాకు ఆ గట్టు పక్క చేను మీద అనుమానమొచ్చింది. ఆ చేనున్న పున్నమ్మ పత్తికట్టె అంతా పీకించి, నడుమ మంచమంత మేర వదిలేసింది. కౌజుపిట్టలకు వల పన్నడానికి కాకపోతే ఇంకెందుకు?

"అక్కడెందుకు వదిలేశారు పిన్నీ?" ఫోటోకు ఫోన్ ఎత్తుతూ అడిగింది ఫిజా.

"కూలోళ్ళు దొరకలా. ఫోటోలు తియ్యమాకమ్మాయ్," అంటూ పున్నమ్మ మిరప కల్లంలోంచి వచ్చి అడ్డం నిలబడింది.

ఫిజా ఆమెను దాటుకెళ్ళి వంగి చూసింది. పిట్ట తుర్రుమంది. వల లేదు. గడ్డిలో గుడ్లున్నాయి, పక్కన మూకుట్లో నీళ్ళు.

పున్నమ్మ గొంతు తగ్గింది. "గూళ్ళున్నాయని తెలిస్తే చేను గవర్నమెంటోళ్ళు లాక్కుంటారంట గదా."

ఫోన్ మోగింది. "ఏమన్నా కనబడిందా?" అడిగాడు పక్షుల సంరక్షణ సంఘం కార్యదర్శి.

ఫిజా మూకుడు వంక చూసింది.

"ఏం లేదు సార్. కూలీలు దొరక్క వదిలేశారంట."