మోచేతి మడతలో మచ్చలు

నెమ్మదిగా రాయమ్మా దుర్గాశ్రీ. ఆవిణ్ణి వెళ్లగొట్టింది ఈ తాతేనని కూడా రాయి.

మీ తమ్ముడు శివుడికి రక్తంలో కేన్సరని తేలాక పట్నం ఆస్పత్రిలో చేర్చాం కదా.

వాడి రక్తంలో రోగంతో పోరాడే కణాల్ని తీసి, లేబొరేటరీలో పెంచి, మళ్లీ వాడికే ఎక్కిస్తామన్నారు డాక్టర్ జ్ఞానప్రకాశం గారు.

“వాటికి మేత ఏం పెడతారండీ?” అనడిగాను.

“దూడ రక్తంలోంచి తీసిన సీరం అండి. కోతకెళ్లిన ఆవు కడుపులో ఉన్న దూడది.”

నలభై ఏళ్లుగా పాడి మీద బతికినవాణ్ణి.

“అది మావాడికి వద్దండి.”

“మానేస్తే కణాలు చచ్చిపోతాయండి బుల్లిరాజు గారూ.”

“ఒకేసారి పాలు మాన్పిస్తే దూడైనా చస్తుందండి. రోజుకింత తగ్గించాలి. డీలా పడితే రెండ్రోజులు అక్కడే ఆగాలి. మళ్లీ తగ్గించాలి. ఇది కూడా నేనే చెప్పాలా?”

డాక్టర్ గారు నవ్వారు. తలుపు దగ్గర మాస్కు కట్టుకున్న ఎవరో చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

“ఒక్క నెల చూద్దామండి. అంతకుమించి బాబు ఆగలేడు.”

ఆ నెలంతా శివుడి గది అద్దం దగ్గరికి ఒకావిడ వచ్చేది. వెలిసిన చుడీదారు, రబ్బరు చెప్పులు. వాణ్ణి చూసి వెళ్లిపోయేది.

ఒకరోజు నా పక్కన బెంచీ మీద కూర్చుంది. మోచేతి మడతలో నల్లగా కమిలిన మచ్చలు. ఒకటి కాదు, పది దాకా.

“ఏంటమ్మా అవి?”

“సూదులండి తాతగారూ” అని నవ్వింది.

“మత్తు సూదులా?”

నవ్వు ఆగిపోయింది. ఏదో చెప్పబోయింది. నేను విన్లేదు.

“ఏమయ్యా సెక్యూరిటీ! పసివాడి గది దగ్గరికి ఇలాంటోళ్లని ఎలా రానిస్తున్నారయ్యా?” అని అరిచాను.

వరండాలో అందరూ తిరిగి చూశారు.

ఆవిడ చున్నీ చేతి మీదికి లాక్కుని లేచింది.

“వెళ్తానండి. బాబు జాగ్రత్త.”

మళ్లీ రాలేదు.

కణాలు ఎక్కించారు. రెండు నెలలకి మీ తమ్ముడు లేచి కూర్చుని ఆవకాయన్నం అడిగాడు.

ఇవాళ ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని డాక్టర్ గారి దగ్గరికెళ్లాను.

“ఇది ఆ కణాల్ని పెంచినోళ్లకండి.”

“తబిత గారికా? పోయిన వారమే ఉద్యోగం మారి వెళ్లిపోయారండి. మీరన్నట్టే తగ్గించుకుంటూ వచ్చారు. వందకి పది వంతులుండే సీరం ఒక్క వంతుకి దిగింది. ‘ఆ ఒక్కటీ మాన్పించలేకపోయాను, తాతగారిని ఏమీ అనుకోవద్దనండి’ అని వెళ్లేటప్పుడు చెప్పారు.”

“కుదరదన్నారు కదండీ?”

“పన్నెండుసార్లు చేసి చూశారండి. పదకొండుసార్లు చచ్చిపోయాయి.”

“మావాడి రక్తం అన్నిసార్లు లాగేశారా?”

“బాబు ఒంట్లో అంతెక్కడుందండి? పద్ధతి కుదిరాక వాడిది ఒక్కసారే తీశాం.”

“మరి ఆ పన్నెండుసార్లూ ఎవరి రక్తమండీ?”

డాక్టర్ గారు చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి మడతలో వేలుపెట్టి చూపించారు.

నా గుప్పిట్లో పెట్టె నలిగిపోయింది. లోపల రేకులు పొడైపోవడం వినబడింది.

ఆవిడ నంబరు తెచ్చానమ్మా. నాకు నోరు పెగల్దు. నువ్వే ఫోన్ చేసి ఇదంతా తబితమ్మకి చదివి వినిపించు. నేను మత్తు సూదులన్న ఆ మచ్చలు, నేను ‘వద్దు’ అన్న ఒక్క మాట కోసం ఆవిడ పొడిపించుకున్నవేనని ఈ ముసలాడికి తెలిసిందని చెప్పు.